ఫలించని ప్రార్థన: భక్తుల సమాధానాలు, భక్తుల నిష్ఠూరాలు

ప్రార్థన ఫలించకపోవడం అన్ని మతాలకూ ఒకే రకంగా ఎదురయ్యే చిక్కు కాదు. దేవుడున్నాడు, మొర వింటాడు, తీర్చే శక్తి ఆయనకుంది, తీర్చాలన్న దయ కూడా ఉంది అని నాలుగూ కలిపి నమ్మినవారికే ఆ చిక్కు. వీటిలో ఒక్కటి వదులుకున్నా ప్రశ్న మిగలదు. తొలినాటి బౌద్ధం మొరపెట్టుకోవడాన్నే పక్కన పెట్టేసింది. మడుగులో పడేసిన బండరాయి, జనమంతా చేరి చేతులు జోడించి వేడుకున్నా పైకి తేలదని బుద్ధుడు అసిబంధకపుత్రుడనే గ్రామాధికారికి చెప్పినట్టు సంయుత్తనికాయంలో ఉంది. పూర్వమీమాంసకుల దారి వేరు. యజ్ఞం విధిప్రకారం జరిగితే ఫలం దానివల్లే వస్తుంది, మధ్యలో దేవత దయతో పనిలేదన్నారు. వైష్ణవులు, శైవులు, యూదులు, క్రైస్తవులు, ముస్లింలు మాత్రం ఆ నాలుగింటినీ వదలనివారు. నమ్మకం ఎంత గట్టిదైతే, మొర వినబడనప్పటి దెబ్బ కూడా అంత గట్టిగా తగులుతుంది.

భగవద్గీత ఏడో అధ్యాయం భక్తులను నాలుగు తరగతులు చేసింది: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. పెద్దపీట జ్ఞానికే వేసినా, ఆపదలో అరిచేవాణ్ణీ కోరిక కోరేవాణ్ణీ తోసెయ్యలేదు, అందరూ ఉదారులేనంది. ఫలించని ప్రార్థన గురించి రాసిన గ్రంథాల్లో చాలావాటిని జ్ఞానులు రాశారు. బిడ్డ జ్వరం తగ్గాలని, కోర్టు కేసు తేలాలని, పెళ్లయి పదేళ్లైనా కడుపు పండలేదని గుడికీ చర్చికీ దర్గాకూ వెళ్లేవాళ్లు మాత్రం ఆర్తులు, అర్థార్థులు. ఈ విషయం మీద వచ్చిన సమాధానాలను తూచేటప్పుడు ఈ తేడాను మరవకూడదు.

పుత్రకామేష్టి వివాదం

భారతీయ తర్కంలో ఈ చర్చ చాలా పాతది. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో పూర్వపక్షి వేదం ప్రమాణం కాదని వాదిస్తూ మూడు దోషాలు ఎత్తి చూపుతాడు: అసత్యం, పరస్పర విరోధం, పునరుక్తి. అసత్యానికి వాత్స్యాయన భాష్యం ఇచ్చిన ఉదాహరణ పుత్రకామేష్టి. ఇష్టి చేశారు, కొడుకు పుట్టలేదు. కళ్లముందు తేలాల్సిన మాటే తేలకపోతే, చచ్చాక వచ్చే స్వర్గం గురించి అదే వేదం చెప్పిన మాటను ఎందుకు నమ్మాలి? ఎంతో మర్యాదగా అడిగినా ప్రశ్న పదునైనదే. దానికి సూత్రకారుడి జవాబు క్లుప్తం: కర్మలోనో, కర్తలోనో, సాధనాల్లోనో లోపం ఉంది. మంత్రం తప్పి ఉండవచ్చు, చేసినవాడు అర్హుడు కాకపోవచ్చు, ద్రవ్యం శుద్ధమైనది కాకపోవచ్చు.

మీమాంసకులకు ఇదే ఆక్షేపణ చిత్రాయాగం రూపంలో ఎదురైంది. పశువుల కోసం చేసే ఆ యాగం ముగిసిన మరుక్షణం దొడ్లోకి పశువులు రావడం ఎవరూ చూడలేదు. వెంటనే వస్తాయని విధివాక్యం అనలేదు కదా అన్నది శబరస్వామి సమాధానం. తరువాతివారు ఇంకో మెట్టు ఎక్కి, పూర్వకర్మ ఏదో అడ్డుపడి ఫలాన్ని ఆపుతుందన్నారు.

అడిగినవాడిలో లోపం ఉంది, లేదా సమయం ఇంకా రాలేదు. ఇవాళ ఏ మతంలో విన్నా మొదట వినిపించేవి ఈ రెండే. తర్కంగా చూస్తే రెండింటికీ ఒకే బలహీనత: ఏ ఫలితం వచ్చినా సిద్ధాంతానికి ఢోకా ఉండదు. లోపం ఎక్కడుందో ఎవరూ ముందుగా చెప్పరు. పని జరగకపోయాకే వెతుకుతారు. అయినా నైయాయికులను ఒక విషయంలో మెచ్చుకోవాలి. ప్రత్యర్థి ఎత్తిచూపిన వైఫల్యాన్ని వాళ్లు కాదనలేదు, దాచలేదు; తమ శాస్త్రంలోనే దానికి చోటిచ్చి మాట్లాడారు.

లెక్కలోకి రానివారు

సంశయవాదుల వైపు నుంచి వచ్చిన వాదాల్లో అన్నిటికన్నా బలమైనది గ్రీకు దేశపు డయాగొరస్ పేరుతో నిలిచింది. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్ది వాడు. సమోత్రేస్ దీవిలోని గుడిలో, తుపానునుంచి బయటపడి మొక్కు చెల్లించుకున్న నావికుల చిత్రఫలకాలు చూపించి, ఇప్పటికైనా దేవతలున్నారని ఒప్పుకుంటావా అని ఒక మిత్రుడు అడిగాడట. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడా గీయలేదు కదా అన్నాడట డయాగొరస్. రోమన్ రచయిత సిసిరో ఈ కథను నమోదు చేశాడు.

తెలుగునాట ఈ వాదానికి నిదర్శనం కావాలంటే హైదరాబాదు శివార్లలోని చిలుకూరు చాలు. అక్కడి బాలాజీ గుడిలో కోరిక కోరుకుంటూ 11 ప్రదక్షిణలు, తీరాక 108 ప్రదక్షిణలు చేయడం ఆచారం. విదేశాలకు వెళ్లాలనుకునే కుర్రకారు తాకిడివల్ల వీసా బాలాజీ అన్న పేరూ వచ్చింది. ఈ ఆచారంలోనే ఒక లెక్క దాగి ఉంది. వీసా వచ్చినవాడు రానివాడికన్నా పదింతలు ఎక్కువ చుట్లు తిరుగుతాడు. రానివాడు తన 11 ముగించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చినా రాకపోయినా అడిగేవాళ్లు లేరు. అందుచేత ఆ ప్రాకారంలో నిలబడి చూసేవారికి కోరిక తీరినవారి వాటా అసలుకన్నా ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. మొక్కు తీర్చుకునే పద్ధతే అలాంటిది. చర్చిలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచేవారు కూడా జబ్బు నయమైనవారే. ఉపవాస ప్రార్థనలు చేసి కూడా భర్తను పోగొట్టుకున్న మనిషి మైకు దగ్గరికి రావడం అరుదు.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా వద్ద మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండగ దీనికి కొంత భిన్నం. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవారికి నీళ్లలో నిలబడి ఇస్తారు. హిందువులు, ముస్లింలు ఇద్దరూ వస్తారు. ఇక్కడ కూడా కనిపించేది తీరినవారి కథలే, నిజమే. కానీ తీరినవాడి ఆనందం తీరనివాడి చేతిలో రొట్టెగా పడుతోంది, కోరిక తీరని మనిషికి గట్టున ఒక చోటు ఉంది. ఎదురుచూసేవారికి ఆచారంలోనే స్థానం కల్పించిన పండగలు ఎక్కువ లేవు.

ప్రార్థన ఫలితాన్ని అంకెలతో తేల్చాలన్న ప్రయత్నాలూ జరిగాయి. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1872లో ఒక వ్యాసం రాస్తూ, దేశమంతా చర్చిల్లో రాజుగారి దీర్ఘాయుష్షు కోసం ప్రార్థిస్తున్నా రాజవంశీకుల సగటు ఆయుర్దాయం ఇతర సంపన్న వర్గాలకన్నా తక్కువేనని చూపాడు. ఆధునిక పరిశోధనల్లో పెద్దది అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ బృందం చేసినది. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. తమకోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికీ జరగనివారిలో 51 శాతానికీ ఆపరేషన్ తరువాత ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసిన మూడో గుంపులో ఆ సంఖ్య 59 శాతం. నా పరిస్థితి అంత విషమించిందా అన్న బెంగే కారణం కావచ్చని కొందరు ఊహించారు.

ఈ ఫలితాలు భక్తులను పెద్దగా కదిలించలేదు. అందుకు మొండితనం ఒక్కటే కారణం అనుకోనక్కర్లేదు. దేవుణ్ణి పరీక్షించకూడదని బైబిలే అంటుంది. ముక్కూమొహం తెలియని రోగి పేరు చీటీ మీద చదివి, పక్షం రోజులు నియమం ప్రకారం ప్రార్థించడానికీ, కన్నబిడ్డ మంచం పక్కన తల్లి ఏడవడానికీ పోలిక ఏమిటని వాళ్లు అడుగుతారు. ఆ ఆక్షేపణలో పస ఉంది. అయితే దాన్ని ఒప్పుకుంటే, ప్రార్థన ఫలించిన కథలను కూడా రుజువులుగా చూపే హక్కు పోతుంది. ఆ రెండో సగాన్ని గుర్తించే ఉపన్యాసకులు తక్కువ.

ఆలస్యం, అంతకన్నా మేలు, విరక్తి

సమయం రాలేదన్న సమాధానానికి తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఒక పేరున్న కథ ఉంది. అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషను ఏళ్లు గడిచినా ఎదగక, మూసేద్దామా అన్న చర్చ వచ్చిన రోజుల్లో, 1854 జనవరి 1న మిషనరీలైన జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అలా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండగా చూపిస్తారు. అదే కరువులో మద్రాసు రాజధానిలో లక్షలమంది ఆకలితో పోయారు. వాళ్లలోనూ ప్రార్థించినవాళ్లు ఉండకపోరు. ఆలస్యమైన జవాబు కథ జవాబు దొరికినవారి నోటే బతుకుతుంది.

అడిగినది ఇవ్వకపోవడమే అసలు జవాబు అన్నది మరో మాట. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ సంత్ అగస్టీన్ ఆత్మకథ ఐదో భాగంలో ఉంది. కొడుకు ఓడెక్కి రోముకు పోకూడదని తల్లి మోనికా కార్తేజి రేవులో రాత్రంతా ప్రార్థించింది. ఆమెను ఏమార్చి అగస్టీన్ వెళ్లిపోయాడు. ఆ ప్రయాణమే అతణ్ణి మిలాన్ చేర్చింది. 387లో బిషప్ అంబ్రోజు చేతిమీదుగా బాప్తిస్మం ఇప్పించింది. ఆ రాత్రి కోరిక తోసిపుచ్చిన దేవుడు ఆమె జీవితకాలపు కోరిక తీర్చాడని అగస్టీన్ రాసుకున్నాడు. కుదురైన వివరణ. కానీ ఈ లెక్క పదేళ్లకు పైగా గడిచాక, కొడుకే కూర్చుని చూసుకుంటే తేలింది. ఆ తెల్లవారుజామున రేవులో నిలబడ్డ తల్లికి ఎవరైనా ఇదే మాట చెప్పి ఉంటే ఓదార్పు అయ్యేదా అన్నది వేరే విషయం.

ఇస్లాంలో ఈ రెండు సమాధానాలూ ఒకే హదీసులో కలిశాయి. అబూ సయీద్ ఖుద్రీ చెప్పిన కథనం ప్రకారం, పాపం కోసమో బంధుత్వం తెంచడం కోసమో కానంత వరకు ఏ దుఆ, అంటే ఏ వేడుకోలూ, వృథా పోదు. అడిగినది వెంటనే దొరుకుతుంది, లేదా పరలోకం కోసం దాచి ఉంచబడుతుంది, లేదా దానికి సమానమైన కీడు తప్పిపోతుంది. అడిగాను, ఇవ్వలేదు అంటూ తొందరపడవద్దని మరో హదీసు హెచ్చరిస్తుంది. ఖురాన్‌లో నూహ్ ప్రవక్త వరదలో మునుగుతున్న కొడుకు కోసం వేడుకుంటే ఆ వేడుకోలు తిరస్కరించబడింది. ముహమ్మద్ ప్రవక్త తన సముదాయం కోసం మూడు కోరితే రెండు దక్కాయని, తమలో తాము కలహించుకోకూడదన్న మూడోది దక్కలేదని సహీహ్ ముస్లింలో ఉంది. బైబిల్లో మోషే వాగ్దాన దేశంలో అడుగుపెట్టనివ్వమని బతిమాలుకుని భంగపడ్డాడు. దావీదు పసిబిడ్డ కోసం ఏడురోజులు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు, బిడ్డ దక్కలేదు. శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసెయ్యమని పౌలు మూడుసార్లు ప్రార్థించినా అది పోలేదు. గెత్సేమనే తోటలో యేసు వేడుకోలు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంతమంది ప్రవక్తలకూ అపొస్తలులకూ కాదనిపించుకోవడం తప్పనప్పుడు, జవాబు రాకపోతే అడిగినవాడి విశ్వాసంలో లోటుందన్న వాదం ఆ గ్రంథాల దగ్గరే వీగిపోతుంది.

వైష్ణవుల సమాధానం ఇంకా సాహసమైనది. విష్ణుభక్తులు పేదలుగా, శివభక్తులు సంపన్నులుగా ఎందుకుంటారన్న ప్రశ్న భాగవతం దశమస్కంధంలో వస్తుంది. తాను ఎవరిని అనుగ్రహిస్తానో వారి సంపదను మెల్లగా హరిస్తానని కృష్ణుడు ధర్మరాజుకు చెప్పినట్టు అక్కడ ఉంది. అన్నీ పోయి, అయినవాళ్లూ వదిలేశాక ఆ మనిషి భగవంతుడి వైపు తిరుగుతాడట. అదే భాగవతంలో కుంతి ఆపదలనే కోరుకుంటుంది. ప్రహ్లాదుడు వరాలు ఆశించి కొలిచేవాడు సేవకుడు కాడు, వర్తకుడన్నాడు. కులశేఖర ఆళ్వారు తమిళ పాశురాల్లో, కోసి వాత పెట్టినా వైద్యుణ్ణి వదలని రోగిలా స్వామిని పట్టుకుంటానన్నాడు. శ్రీవైష్ణవ శరణాగతి శాస్త్రం దీన్నే ఒక అంగంగా కూర్చింది: రక్షిస్తాడన్న మహావిశ్వాసం. అందులో ఎప్పుడు, ఎలా, ఏ రూపంలో అన్న షరతులు ఉండవు. కోరిక తీరడం మీద కాక, ఎవరిని కోరామో ఆ స్వామి మీద నమ్మకం నిలుపుకోవడం ఇది. తాత్త్వికంగా ఇంతకన్నా గట్టి స్థానం లేదు. కానీ సంపద పోవడాన్ని అనుగ్రహంగా చూడటం రైతు ఎండిన చేను గట్టున నేర్చుకోగలిగిన విద్య కాదు. కుంతికి ఆ మాట అనే హక్కు వచ్చింది లక్కయింటినీ వనవాసాన్నీ దాటి వచ్చాక.

నిలదీసిన భక్తులు

పైన చెప్పినవన్నీ దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న సమాధానాలు. దీనికి పక్కనే మరో దారి ఉంది. అందులో భక్తుడు కారణం వెతకడు, జవాబు అడుగుతాడు. నమ్మకం పోయిందా అంటే పోలేదు. పోయి ఉంటే నిలదీయడానికి ఎదుట ఎవరూ ఉండరు. శాస్త్రగ్రంథాలు దీన్ని తక్కువగా పట్టించుకున్నాయి గానీ, తెలుగు సాహిత్యం మాత్రం ఈ దారిలో సంపన్నమైనది.

రామదాసుగా పేరొందిన పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న భద్రాచలంలో సర్కారు సొమ్ముతో రామాలయం కట్టించి, గోల్కొండ పాలకుడు తానాషా ఆజ్ఞతో అక్కడి చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్లు ఉన్నాడని జనశ్రుతి. తానాషా పాలించింది 1672 నుంచి 1687 వరకు, అంటే మొత్తం పదిహేనేళ్లే; కాబట్టి ఆ అంకెను చరిత్రగా కాక సంప్రదాయంగా తీసుకోవడం మంచిది. చెరసాల ఎన్నాళ్లదైనా, రామదాసు కీర్తనల్లో దాని గుర్తులు స్పష్టం. సీతమ్మకూ లక్ష్మణుడికీ భరతుడికీ తాను చేయించిన నగల జాబితా ఒక్కొక్కటే చదివి, ఖర్చు లెక్క చెప్పి, అది ఎవరి డబ్బని రాముణ్ణి నిలదీస్తాడు. రెవెన్యూ ఉద్యోగి కదా, దేవుడితో పేచీ కూడా జమాఖర్చుల్లోనే నడిపాడు. మరుక్షణంలో, దెబ్బలకు ఓర్వలేక నోరు జారానని క్షమాపణ అడుగుతాడు. ఆయన వినకపోతే తల్లి సీత దగ్గరికి వెళ్లి, ఏకాంతంలో ఉన్నప్పుడు ఒక మాట వేయమంటాడు. తల్లి సిఫారసును పురుషకారం అంటూ ఆచార్యులు గ్రంథాలు రాసిన సిద్ధాంతం అక్కడ ఇంటి మాటగా వినిపిస్తుంది.

పూర్వజన్మలో ఒక చిలకను పంజరంలో బంధించినందుకే రామదాసుకు చెర వచ్చిందన్న కథ తరువాత బాగా ప్రచారంలోకి వచ్చింది. కీర్తనల్లో బలంగా వినిపించేది ఆ చిలక గొడవ కాదు, ఒంటిమీది దెబ్బల నొప్పి. అనుభవించినవాడు అన్యాయమని అరిస్తే, విన్నవాళ్లు కర్మఫలమని సర్దేశారు. ఫలించని ప్రార్థన గురించి పుట్టిన వివరణల్లో ఎన్నో ఇలాగే పక్కవాళ్ల చేతిలో తయారైనవి.

పద్దెనిమిదో శతాబ్దిలో గోగులపాటి కూర్మనాథకవి సింహాచలం ప్రాంతం మీద తురుష్క సేనలు పడినప్పుడు సింహాద్రి నారసింహ శతకం చెప్పాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన గోళ్లు ఏమయ్యాయని, జనం గుండెలు బాదుకుంటుంటే కొండమీద హాయిగా కూర్చున్నావేమని స్వామిని ఎద్దేవా చేశాడు. ఆ పద్యాలు సాగుతుండగానే కొండమీదినుంచి తుమ్మెదల దండు లేచి సైన్యాన్ని తరిమిందని ఐతిహ్యం. కృష్ణాతీరపు శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో పొడిచీ పొడవనట్టు దెప్పాడు. నిందాస్తుతి అన్న పేరుతో ఇది ఒక శాఖగానే వర్ధిల్లింది. పోతన గజేంద్రుడైతే మొర మధ్యలో, అసలు దేవుడనేవాడు ఉన్నాడా అన్న సందేహాన్నే పైకి అనేస్తాడు. ఆ సందేహం వెలిబుచ్చిన నోటినే విష్ణువు విన్నాడన్నది గజేంద్రమోక్షంలో పిల్లలకు సాధారణంగా చెప్పకుండా వదిలేసే భాగం.

హీబ్రూ బైబిలు కూడా ఈ దారిని మూసెయ్యలేదు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలు. చాలావాటిలో ఏడుపు చివరికి స్తోత్రంగా మారుతుంది. 88వ కీర్తన మాత్రం చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్ని సరిదిద్దే చరణం ఎవరూ చేర్చలేదు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథాన్ని ఫిర్యాదుతోనే మొదలుపెట్టాడు. యూదుల్లో ఈ ధోరణి తరతరాలుగా కొనసాగింది. బెర్దిచెవ్ పట్టణపు గురువు లేవీ ఇత్సాక్ తన ప్రజల పక్షాన దేవుడితో వాదించేవాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. ఔష్విట్జ్ నిర్బంధ శిబిరంలో కొందరు గురువులు దేవుడి మీద విచారణ జరిపి దోషిగా తేల్చి, ఆ వెంటనే ప్రార్థనకు లేచారని, బాలుడిగా తాను చూశానని ఎలీ వీజెల్ చెప్పాడు. ఆ జ్ఞాపకంలోంచే 1979లో ఒక నాటకం వచ్చింది. ఖురాన్‌లో యాఖూబ్ ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నాడు. ఆయన ఓర్పును మెచ్చుకునే ఆ గ్రంథమే, తన దుఃఖాన్ని అల్లాహ్ దగ్గరే చెప్పుకుంటానన్న ఆయన మాటను కూడా నమోదు చేసింది.

భారతంలో ఈ స్వరం ద్రౌపదిది. అరణ్యపర్వంలో ఆమె, ధర్మం తప్పని భర్త అడవుల పాలై, అధర్మం చేసినవాడు సింహాసనం మీద కూర్చోవడం చూసి, మనుషులను బొమ్మల్లా ఆడించే విధాతను గట్టిగానే దుయ్యబడుతుంది. నీది నాస్తికుల మాట అని ధర్మరాజు మందలిస్తాడు. ఫలం కోసం ధర్మం చేసేవాడు ధర్మాన్ని బేరానికి పెట్టినవాడేనంటాడు. ఆయన జవాబు ఉదాత్తమైనదే, ఆమె ప్రశ్నకు మాత్రం జవాబు కాదు.

వివరణ ఎవరి నోట

యోబు గ్రంథం ఈ చర్చకు కీలకం. బిడ్డలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబు దేవుణ్ణి వాదానికి రమ్మని సవాలు చేస్తాడు. పరామర్శకు వచ్చిన ముగ్గురు మిత్రులు శాస్త్రోక్తంగా మాట్లాడతారు: నీలో ఏదో పాపం ఉంది, ఇది శిక్ష, ఒప్పుకుంటే బాగుపడతావు. చివరి అధ్యాయంలో దేవుడి కోపం మిత్రుల మీద పడుతుంది. యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి యుక్తంగా మాట్లాడలేదంటాడు. మిత్రులు పలికినవి ఏ మత సభలోనైనా చప్పట్లు కొట్టించుకునే మాటలు. తప్పు ఆ మాటల్లో కన్నా, ఏడుస్తున్న మనిషి ముందు వాటిని పలకడంలో ఉంది.

ఇక్కడికి వచ్చేసరికి పై సమాధానాలన్నిటికీ వర్తించే ఒక తేడా కనిపిస్తుంది. ఇది పరీక్ష, ఇది మేలుకే, కర్మ కరుగుతోంది, పరలోకంలో దక్కుతుంది అని బాధపడే మనిషి తనకు తాను చెప్పుకుంటే అది విశ్వాసం. అదే మాట పక్కవాడు చెబితే తీర్పు. కుంతి ఆపదలు కోరింది తనకు, ఇరుగుపొరుగుకు కాదు. కృప చాలునని సరిపెట్టుకున్నది పౌలే. ఆ పౌలు సహచరుడు త్రోఫిముకు జబ్బు చేస్తే అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు తప్ప, అతని విశ్వాసం చాలలేదని ఒక్క మాట రాయలేదు. స్వస్థత సభల్లో నయంకాని రోగిని విశ్వాసం లేనివాడిగా పంపేసే బోధకుడు, మొక్కు బాకీ ఉండబట్టే బిడ్డ పోయిందని తల్లికి చెప్పే సోదెగత్తె, పూజలో దోషం జరిగిందని మరో పూజకు సంచి తెరిపించే సిద్ధాంతి, ముగ్గురూ యోబు మిత్రుల వారసులే. నష్టపోయిన మనిషి మీద నేరం కూడా మోపడం వీళ్ల పని.

ఆ నేరభావం చేసే హానికి వైద్య ఆధారాలూ ఉన్నాయి. అమెరికాలో కెన్నెత్ పార్గమెంట్ బృందం 55 ఏళ్లు దాటిన 596 మంది ఆసుపత్రి రోగులను రెండేళ్లు గమనించి 2001లో ఫలితాలు ప్రకటించింది. దేవుడు తనను వదిలేశాడా, ప్రేమించడం మానేశాడా, ఈ జబ్బు దయ్యం పనా అన్న మథనంలో ఉన్నవారిలో చావు ప్రమాదం కాస్త ఎక్కువగా కనిపించింది. ఆరోగ్య స్థితినీ మానసిక కుంగుబాటునూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. దేవుడి మీద కోపం రావడమే ప్రమాదమని దీని అర్థం కాదు. ఒంటరిగా, శిక్ష పడిందన్న భయంతో దాన్ని మోయడం వేరు, రామదాసులా పాడి దించుకోవడం వేరు. విలాపానికి చోటిచ్చిన సంప్రదాయాలు భక్తులకు చేసిన మేలు ఇదే కావచ్చు.

నమ్మకానికీ ప్రయత్నానికీ ఉన్న సంబంధం గురించి మాత్రం మూలగ్రంథాల్లో పెద్ద తగాదా లేదు. శరణాగతికి నిలువెత్తు రూపమైన రామాయణంలోనే విభీషణుడి శరణాగతి ఫలించింది. దర్భలు పరుచుకుని మూడు రాత్రులు సముద్రుణ్ణి ప్రార్థించిన రాముడి శరణాగతి ఫలించలేదు. అప్పుడాయన విల్లు ఎత్తాడు, ఆ తరువాత నలుడి చేత వారధి కట్టించాడు. ఒంటెను కట్టేసి ఆపైన దేవుణ్ణి నమ్ముకోమని హదీసు చెబుతుంది. కడుపునొప్పికి ద్రాక్షారసం కొద్దిగా పుచ్చుకోమని తిమోతికి పౌలే సలహా ఇచ్చాడు. చరకసంహిత మంత్రాలు, బలులు, నియమాలతో కూడిన దైవవ్యపాశ్రయ చికిత్సను ఒప్పుకుంటూనే, దాని పక్కనే ఔషధం, ఆహారంతో కూడిన యుక్తివ్యపాశ్రయాన్ని, మనసును నిగ్రహించే సత్త్వావజయాన్ని చెప్పింది. ఒకటి చేస్తే మరొకటి మానాలని అనలేదు. ప్రార్థన ఫలించాలంటే మాత్రలు మింగడం ఆపాలని, ఇన్సులిన్ మానాలని ఎవరైనా చెబితే ఆ మాటకు ఈ గ్రంథాల అండ లేదు. తాయెత్తులతో, మంత్రాలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేసుకోవడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.